లెక్కయా? కొలతయా? – ఆచార్య సూరి భగవంతం జీవితము

ప్రతి సంవత్సరము పరీక్షాఫలితములు వెలువడిన మరునాడు గద్వాలలోను, వనపర్తిలోను, నాగర్‌కర్నూలులోను ఉపాధ్యాయుల ఇండ్లకు కొందరు విద్యార్థులు వత్తురు. చేతిలో మార్కుల పట్టిక యుండును. ముఖమున సంతోషముండును, దాని వెనుక సందేహముండును. గణితమున మంచి మార్కులే. భౌతికశాస్త్రమునను మంచి మార్కులే. బి.ఎస్‌సి. ముగియువరకు ఈ రెండు శాస్త్రములును ఒకే బండికి కట్టిన కోడెలవలె జంటగా నడచినవి. ఇక ఎం.ఎస్‌సి.లో చేరవలెనన్న ఒకదాని కాడి విప్పక తప్పదు. దేనిని విడువవలెను? విడిచినది మరల దొరకునా? ఇంటిలో అంతవరకు చదివినవారు లేరు. తండ్రి ఏమియు చెప్పలేడు. కనుక ఆ ప్రశ్న అయ్యవారి అరుగు మీదికి వచ్చును.

ఈ ప్రశ్నకు సూత్రము చెప్పుట కష్టము. సూత్రము అందరికి నొకటే. విద్యార్థులందరు ఒక్కటి కారు. కాని ఒక జీవితమును చెప్పవచ్చును. అది విన్నవాడు తనకు కావలసినది తానే తీసికొనును.

గద్వాల, వనపర్తి ఒకప్పుడు నిజాము రాజ్యములోని సంస్థానములు. పండితులను ఆదరించి గద్వాల విద్వద్గద్వాల యని పేరు పొందినది. కవులు దూరదేశములనుండి ఈ సంస్థానములకు వచ్చి సత్కారములు పొందిపోయిరి. తరువాత కాలము మారినది. విద్యయొక్క రూపము మారినది. 1959లో వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ వెలసినది. రాజులుండిన గదులలో యంత్రముల పటములు గీయు బాలురు కూర్చుండిరి. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయము ఏర్పడువరకు ఈ ప్రాంతపు కళాశాలలకు ఉస్మానియాయే పెద్దదిక్కు. ఆ ఉస్మానియాకు 1952 నుండి 1957 వరకు వైస్‌ఛాన్సలరుగా నుండినవారు ఆచార్య సూరి భగవంతంగారు. వారు భౌతికశాస్త్రవేత్తలు. కాని శాస్త్రలోకమున వారి పేరు నేటికిని ఒక గణిత పద్ధతికి అంటిపెట్టుకొని యున్నది. మన విద్యార్థి ప్రశ్నకు వారి జీవితముకంటె దగ్గరి దృష్టాంతము మన తెలుగునాట దొరకదు.

కలకత్తా పిలుపు

భగవంతంగారు 1909 అక్టోబరు 14వ తేదీన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. కళాశాల చదువు హైదరాబాదులోని నిజాం కళాశాలలో సాగినది. ఆ దినములలో నిజాం కళాశాల హైదరాబాదున నున్నను మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. ఉస్మానియాలో ఉర్దూ బోధనాభాష; నిజాం కళాశాలలో ఆంగ్లము. అచ్చటనే వారు భౌతికశాస్త్రము ప్రధానముగా 1928లో పట్టము పొందిరి.

ఆ సంవత్సరము భారత విజ్ఞానచరిత్రలో మరువరానిది. ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తాలో సర్ సి. వి. రామన్ తమ పేరు మీద ప్రసిద్ధికెక్కిన ఫలితమును కనుగొనిరి. ఒకే రంగు గల కాంతిని ఒక ద్రవము గుండా పంపినప్పుడు, చెదరి పక్కకు వచ్చు కాంతిలో పంపని రంగులు కూడ మిక్కిలి మందముగా కనబడును. ఆ కొత్త రేఖలు అణువుల కంపనములను తెలుపు ఆనవాళ్లు. మనిషికి వ్రేలిముద్ర యెట్టిదో పదార్థమునకు ఈ రేఖలట్టివి.

పంతొమ్మిదేండ్లు నిండనున్న భగవంతంగారు కలకత్తాకు పోయి రామన్ చెంత చేరిరి. పట్టభద్రుడైన యువకుడు సర్కారు కొలువు చూచుకొనుట లోకమర్యాదగా నున్న కాలమది. పరిశోధనను జీవనోపాధి యని ఎవరును తలచుట లేదు. అయితే వారు ఎన్నుకొన్న గురువుకూడ అట్టి సాహసమే చేసినవారు. రామన్ ఆర్థికశాఖలో పెద్ద యుద్యోగమును వదలుకొని, తక్కువ జీతమునకు 1917లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిని స్వీకరించినవారు.

కలకత్తాలోని పని ఓపికకు పరీక్ష. పాదరస దీపమును వెలిగించి, ఫలకమును అమర్చి, చెదరిన మందకాంతి దానిపై గుర్తు పడువరకు గంటల తరబడి కాచుకొనవలెను. 1930లో భగవంతంగారు వజ్రములను తీసికొని వాని రామన్ వర్ణపటమును పరిశీలించిరి. ఆ యేడే రామన్‌కు నోబెల్ బహుమానము లభించినది. 1931లో గురుశిష్యులు కలిసి కాంతికణమునకు స్వీయభ్రమణ మున్నదనుటకు ప్రయోగసాక్ష్యమును ప్రకటించిరి. ఇరువదిరెండేండ్లు నిండక మునుపే కాంతి స్వభావమును గూర్చిన లోతైన ప్రశ్నలో వారి పేరు గురువు పేరు ప్రక్కన నిలిచినది.

ఇంతవరకు చూచిన ఇది ప్రయోగశాలలో పెరిగిన యువకుని కథ. గణితము ఇందులో పనిముట్టు మాత్రమే. మలుపు తరువాత వచ్చినది.

వాల్తేరులో

1932లో భగవంతంగారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున అధ్యాపకులుగా చేరిరి. విశ్వవిద్యాలయము పుట్టి ఆరేండ్లే అయినది. సముద్రపు గట్టున గుట్టల నడుమ కట్టడములు లేచుచున్న కాలము. సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు వైస్‌ఛాన్సలరు. 1938 నాటికి, ఇరువదియెనిమిదేండ్ల ప్రాయమున, భగవంతంగారు భౌతికశాస్త్రాచార్యులును శాఖాధిపతులును అయిరి.

వర్ణపటములు కుప్పలుగా వచ్చుచుండెను. అందుండి ఒక చిక్కు పుట్టినది. ఒక పదార్థమున పది రేఖలు కనబడినవనుకొందము. అన్నియు కనబడినట్లేనా? మరికొన్ని ఫలకమునకు అందక దాగియున్నవా? కనబడిన దానిలో రెండు రేఖలు ఒకదానిమీద నొకటి పడి ఒకటిగా తోచుచున్నవా? ఎన్ని యుండవలెనో ముందు తెలియనిదే, ఎన్ని దొరకినవను లెక్కకు అర్థము లేదు. ఎంత మంచి దీపమైనను, ఎంత సున్నితమైన ఫలకమైనను ఈ ప్రశ్నకు జవాబు చెప్పజాలవు. ఈ తలుపునకు తాళపుచెవి గణితమునొద్ద నున్నది. దాని పేరు సమూహ సిద్ధాంతము.

కోటకొమ్మ అంచు

సమూహ సిద్ధాంత మనగానే విద్యార్థి బెదరనక్కరలేదు. గద్వాల చీర తెలియని ఇల్లు ఈ ప్రాంతమున లేదు. ఒడలు నూలు, అంచు పట్టు. రెంటిని మగ్గము మీదనే ముడివేయుదురు. కోటకొమ్మ అంచును చూడుము. గోపురములవంటి మొనలు వరుసగా సాగిపోవును. అంచును ఒక మొన దూరము ప్రక్కకు జరిపినను అంచు మునుపటివలెనే యుండును. మొన నడుమ నిలువుటద్దము పెట్టి కుడియెడమలు మార్చినను మారదు. కాని తలక్రిందులు చేసితిమా, మొనలు క్రిందికి దిగును; అది వేరొక అంచు.

వస్తువును మార్చియు మారనట్లుంచు ఇట్టి చేష్టలనన్నిటిని ఒకచోట చేర్చిన అది సమూహము. అందులో ఏ రెండు చేష్టలను వెంటవెంట చేసినను మరల ఆ సమూహములోని చేష్టయే వచ్చును. చేసిన ప్రతి చేష్టను విప్పు మరియొక చేష్టయు అందే యుండును. ఈ దృష్టితో చూచిన, ఒకే వరుసలో మరల మరల వచ్చు అంచులు ఎన్ని వేల రకములుగ నున్నను వాని సౌష్ఠవము ఏడు విధములే. ఎనిమిదవది లేదు. ఎంత నేర్పరియైన నేతగాడును దానిని నేయలేడు. ఇది ఎవరో పెట్టిన నియమము కాదు; గణితము నిరూపించిన సత్యము. అంచును వదలి స్ఫటికములకు వచ్చిన, వాని బాహ్యసౌష్ఠవము 32 తరగతులు. లోపలి పరమాణువుల అమరిక 230 విధములు.

ఈ సిద్ధాంతపు పుట్టుక ఆలోచింపదగినది. 1832లో ఇరువదేండ్ల ప్రాయమున ద్వంద్వయుద్ధమున మరణించిన ఫ్రెంచి యువకుడు గాల్వా దీనికి పునాది వేసినాడు. అతడు తలపోసినది స్ఫటికములను గూర్చి కాదు, కాంతిని గూర్చి కాదు. ఉన్నతఘాత సమీకరణములకు మూలములు కనుగొను దారి ఉన్నదా లేదా యనునది మాత్రమే అతని చింత. దాదాపు నూరేండ్ల తరువాత వైల్, విగ్నర్ మొదలగువారు ఆ గణితమును కొత్త భౌతికశాస్త్రమునకు అన్వయించిరి. ఉపయోగ మేమని అడుగక చేసిన గణితమే కడకు ప్రయోగశాలకు దీపమైనది.

వాల్తేరులో భగవంతంగారికి తోడు దొరకినవారు టి. వేంకటరాయుడుగారు. వీరు గణితమున పాండిత్యము గలవారు. బీజగణితమునందును సంఖ్యలయందును స్వతంత్రమైన కృషి చేసినవారు. ఒకరు ఫలకమును చదువగలవారు. ఒకరు సమూహమును నడుపగలవారు. 1939లో ఇరువురును కలిసి స్ఫటికముల అమరికకును రామన్ వర్ణపటమునకును గల సంబంధమును ప్రకటించిరి. స్ఫటికములోని మూలఘటకపు సౌష్ఠవము తెలిసిన చాలును. కంపనము లెన్ని, వానిలో రామన్ రేఖలుగా కనబడునవి ఎన్ని, పరారుణకాంతిలో కనబడునవి ఎన్ని, ఏ విధమునను కనబడనివి ఎన్ని అనునది కాగితము మీదనే తేల్చవచ్చును. ఈ మార్గమునకు భగవంతం–వేంకటరాయుడు పద్ధతి యని పేరు నిలిచినది.

ఒక ఉదాహరణము. బెంజీను అణువున ఆరు కర్బన పరమాణువులు, ఆరు ఉదజని పరమాణువులు, మొత్తము 12. ఒక్కొక్కదానికి మూడు దిశలు గనుక 36 చలనములు. అణువంతయు ఒక్కటిగా కదలునవి మూడు, తిరుగునవి మూడు తీసివేసిన మిగిలినవి 30 కంపనములు. అణువు షట్కోణ సౌష్ఠవము గలది గనుక వీనిలో పదింటికి జంటలున్నవి. వేర్వేరు పౌనఃపున్యములు ఇరువదియే. ఆ ఇరువదింటిలో రామన్ వర్ణపటమున కనబడదగినవి ఏడు. పరారుణమున కనబడదగినవి నాలుగు. ఇది తేల్చుటకు దీపము వెలిగింపనక్కరలేదు. పెన్సిలు చాలును. ఇక వజ్రము సంగతి చూడుడు. కృష్ణాతీరపు కొల్లూరు గనులనుండి లోకమునకు పోయిన ఆ రాతికి ఈ లెక్క ప్రకారము ప్రధానమైన రామన్ రేఖ ఒకే ఒక్కటి. ప్రయోగమున కనబడినదియు ఒకే ఒక్కటి.

ఎన్ని? ఎంత?

అట్లయిన గణితమే చాలునా? చాలదు. భగవంతంగారి తరువాతి కృషి ఈ విషయమును తేటపరచును.

ఒక ఘనపదార్థమును నొక్కినప్పుడు అది ఎంత లొంగును, ఎట్లు తిరుగబడును అని తెలుపు సంఖ్యలను స్థితిస్థాపక గుణకము లందురు. ఏ సౌష్ఠవమును లేని స్ఫటికమునకు ఇట్టివి 21 కావలెను. వజ్రమువంటి ఘనాకార స్ఫటికమునకు మూడు చాలును. గాజునకు రెండే. ఈ లెక్క సౌష్ఠవము చెప్పును. కాని వజ్రపు మూడు సంఖ్యల విలువ ఎంత? దానిని ఎట్టి సమూహమును చెప్పలేదు. వజ్రమును చేతపట్టి కొలిచి తీరవలెను. భగవంతంగారును వారి సహచరులు భీమసేనాచారిగారును అతిధ్వని తరంగములను వజ్రముల గుండ పంపి ఆ గుణకములను కొలిచిరి. 1946లో ఆ ఫలితము లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినది.

ఎన్ని యని చెప్పునది గణితము. ఎంత యని చెప్పునది భౌతికము. ఎన్నియో తెలియనివాడు వెదకుట ఎక్కడ ఆపవలెనో ఎరుగడు. ఎంతయో కొలువనివాడు లోకమును గూర్చి ఇంకను ఏమియు చెప్పినవాడు కాడు. భగవంతంగారు కొలతనుండి బయలుదేరి లెక్కను చేరి, మరల కొలతకు తిరిగివచ్చిరి. ఈ రాకపోకలే వారి శాస్త్రజీవితము.

ఆ దినములు నెమ్మదిగా పని చేసికొనదగినవియును కావు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడినవి. విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరునకు తరలినది. పరికరములు పెట్టెలకెక్కినవి. అట్టి కాలమునందును ఆగని పని కాగితమును పెన్సిలును కోరు పని. 1942లో ఒత్తిడి వలన స్ఫటికములలో కాంతి మార్గము మారు తీరును భగవంతంగారు సమూహ సిద్ధాంతముతో మరల లెక్కించి, అంతకుముందు ప్రమాణముగా నున్న పోకెల్స్ పట్టికను కొన్ని తరగతులయందు సవరించిరి.

1948లో భగవంతం, వేంకటరాయుడుగార్ల గ్రంథము ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రచురణముగా వెలువడినది. సమూహ సిద్ధాంతమును, భౌతికసమస్యలకు దాని అన్వయమును అది భౌతికశాస్త్ర విద్యార్థికి అందునట్లు బోధించినది. 1959లో రష్యన్ భాషలోనికి అనువాదమైనది. మన తెలుగునాట అచ్చయిన పుస్తకము మాస్కో విద్యార్థుల బల్లమీదికి చేరినది.

పదవులు

తరువాతి జీవితమును త్వరగా చెప్పుకొనవచ్చును. 1948లో లండనులోని భారత హైకమిషను కార్యాలయమున విజ్ఞానవిషయముల అధికారిగా పనిచేసిరి. అనంతరము ఉస్మానియాకు వచ్చి, 1952లో వైస్‌ఛాన్సలరు అయిరి. తాము పట్టము పొందిన నిజాం కళాశాల అప్పటికి ఉస్మానియాలో భాగమై యుండెను. వారి కాలముననే, 1956 నవంబరు 1వ తేదీన, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. కృష్ణకు ఈవలి తెలుగువారును ఆవలి తెలుగువారును ఒక రాష్ట్రమువా రైరి. 1957లో బెంగుళూరులోని భారత విజ్ఞానసంస్థకు సంచాలకులైరి. ఒకప్పుడు గురువు రామన్ కూర్చుండిన పీఠమది. 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి విజ్ఞానసలహాదారులుగా నుండిరి. పదవుల నడుమను కలము వదలలేదు. స్ఫటికసౌష్ఠవమును గూర్చిన వారి మరియొక గ్రంథము 1966లో వచ్చినది. పిదప సత్యసాయిబాబా తెలుగు ఉపన్యాసములను ఆంగ్లమున అనువదించువారుగా అనేకులకు పరిచితులైరి. 1989లో కీర్తిశేషులైరి.

అయినను ఒక మాట చెప్పకుండుట న్యాయము కాదు. పదవులు పెరిగినకొలది ప్రయోగశాలలో గడపు దినములు తగ్గును. వారి గొప్ప పరిశోధనలు చాలవరకు నలుబదియేండ్ల ప్రాయమునకు ముందే జరిగినవి. దేశమునకు పరిపాలకులు కావలసివచ్చిరి. శాస్త్రము ఒక పరిశోధకుని కొంత పోగొట్టుకొన్నది. చదువునెడ చేసిన ఎంపికకంటె పనినెడ చేసిన ఎంపికయే వారి జీవితమును ఎక్కువ మార్చినదని తోచును.

అరుగు మీది ప్రశ్న

ఇక మన విద్యార్థి వద్దకు వత్తము. భౌతికము తీసికొన్నవానికి గణితపు తలుపు మూతపడునా? పడదు, భగవంతంగారికి పడలేదు. గణితము తీసికొన్నవాని గతి యేమి? 1915లో కలకత్తాలో సత్యేంద్రనాథ బోసు, మేఘనాథ సాహా ఇరువురును మిశ్రగణితమున ఎం.ఎస్‌సి. ముగించి, ఒకరు మొదటివారుగా, ఒకరు రెండవవారుగా వచ్చిరి. ఇరువురును భౌతికశాస్త్రమున చిరకీర్తి సంపాదించిరి. మద్రాసులో సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ మనసు గణితము మీద నుండగా, తండ్రి కోరికమీద భౌతికము చదివెను. కడవరకు గణితమును చేతినుండి విడువలేదు. 1983లో నోబెల్ బహుమానము పొందెను. భగవంతంగారు వాల్తేరున నున్న దినములలోనే అచ్చట గణితము చదివి 1940లో పట్టము పొందిన సి. ఆర్. రావుగారు సంఖ్యాశాస్త్రమున లోకవిఖ్యాతు లైరి.

కనుక శాఖ పేరు చూచి భయపడవలదు. మార్కుల తేడా చూచియు నిర్ణయింపవలదు. ఐదు మార్కులు ఒక ఉదయపు తలనొప్పి వలన పోవచ్చును. విద్యార్థి తన్ను తాను అడుగవలసినది వేరొకటి. లెక్క ముగిసినప్పుడు అతనికి తృప్తి ఎక్కడ కలుగుచున్నది? ఇది ఎన్నటికిని తప్పు కాజాలదని నిరూపించినప్పుడా? లేక లెక్కలో వచ్చిన సంఖ్య, తాను కొలిచిన సంఖ్యతో సరిపోయినప్పుడా? మొదటిదైన గణితము, రెండవదైన భౌతికము. రెండింటను సమానముగ కలిగిన, ఏది తీసికొన్నను చింత లేదు. కాని విడిచిన శాస్త్రపు పుస్తకమును అటకమీద పెట్టరాదు. ప్రక్క శాఖలో ఒక మిత్రుని సంపాదించుకొనవలెను. భగవంతంగారికి వేంకటరాయుడుగారు దొరకినట్లు ఎవరో ఒకరు దొరకుదురు, దొరకనిచో వెదకుకొనవలెను.

ఉపాధ్యాయునికిని ఇందొక పని కలదు. మార్కుల పట్టిక పుచ్చుకొని ఏదో ఒక పేరు చెప్పి పంపుట సులభమే. దానికంటె, ఇంటిలో గద్వాల చీర యున్నచో తెప్పించి దాని అంచును విద్యార్థి ముందు పరచవలెను. ఎన్ని విధముల జరిపినను, త్రిప్పినను మారకున్నదో లెక్కింపుమనవలెను. పిదప ఒక బద్ద యిచ్చి మొనకు మొనకు నడుమ దూరమును కొలువుమనవలెను. ఆ రెండు పనులలో దేనియొద్ద బాలుడు అన్నము వేళ మరచిపోవునో, అదియే అతని శాస్త్రము.